వస్తానన్న మాట

ఆ వీధిలో వరసగా దొంగతనాలు మొదలయ్యాక మనుషుల చూపులే మారిపోయాయి. మొదట చివరింట్లో సైకిల్ పోయింది. పాతదేగా, పోతే పోయిందిలే అనుకున్నారు. తర్వాత మందుల షాపు మలుపులో ఒకామె మెడలో గొలుసు తెంపుకుపోయారు. ఆ తర్వాత పట్టపగలు, నర్సమ్మ ఆస్పత్రి డ్యూటీకి వెళ్ళిన సమయం చూసి, ఆమె ఇంటి తాళం పగలగొట్టి బీరువాలో ఉన్నదంతా మంచం మీద కుప్పపోశారు. అప్పటినుంచీ ఆ వీధిలో తాడు కనిపించినా పామే. పాలవాడు ఆలస్యంగా వస్తే ఎందుకాలస్యమని అడిగేవాళ్ళు. పెందలాడే వస్తే అంత తొందరేమిటని అడిగేవాళ్ళు.

నర్సమ్మది రెండో అంతస్తు. సరిగ్గా ఆమె ఇంటి మీద, మూడో అంతస్తులో, పిన్నీ బాబాయిల ఇల్లు. చదువు కోసం పల్లె నుంచి వచ్చి వాళ్ళ దగ్గర ఉంటున్న అమ్మాయిని బాబాయి 'గుసగుస' అని పిలిచేవాడు. ఆమె గొంతు అలాంటిది. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు పలికినా లెక్చరర్‌కి వినపడక గైర్హాజరు పడిన రోజులున్నాయి. "పక్క గదిలో వాళ్ళతో మాట్లాడాలంటే నువ్వు ఉత్తరం రాయాలే గుసగుసా" అని ఏడిపించేవాడు బాబాయి. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ నవ్వుకి కూడా చప్పుడుండేది కాదు.

పల్లె నుంచి బయల్దేరిన రోజు బస్సు మెట్టు మీద కాలు పెడుతూ "వెళ్తానమ్మా" అంది. అమ్మ చప్పున ఆమె నోటి మీద చెయ్యి పెట్టింది. "వెళ్తాననకే, వస్తానను. వెళ్తానంటే ఇంక రానట్టు." అప్పుడామె కళ్ళు తుడుచుకుని "వస్తానమ్మా" అంది. బస్సు కదిలింది.

నర్సమ్మ ఇల్లు దోచిన మర్నాడే కింది అంతస్తు సెక్రటరీ గారు రంగంలోకి దిగారు. ఏదో ఆఫీసులో పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన మనిషి. మేడ సంఘానికి ఆయనే సెక్రటరీ. నీళ్ళ మోటారు వేయడం, మెట్ల మీద చెప్పులు విడిచినవాళ్ళని తిట్టడం తప్ప అంతవరకూ ఆయనకి చెప్పుకోదగ్గ పని లేదు. ఇప్పుడు దొరికింది. వీధిలో ఫోనున్న అందర్నీ ఒక గ్రూపులో చేర్చారు. ఇంటికో ఈల పంచారు. "అనుమానం వస్తే ఊదండి. మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. మేం అంటే ఆయనా, ఎదురింటి కండలరాయుడూ. ఆ కుర్రాడు పొద్దున్నే బాల్కనీలో బరువులెత్తి, సాయంత్రాలు ఆ చేతులు నలుగురికీ కనపడేలా గేటు దగ్గర నిలబడేవాడు. పేరు అలా స్థిరపడింది.

పిన్ని ఈలని తలుపు పక్కన మేకుకి తగిలించింది. "ఊదితే ఎవరొస్తారు? ఆ సెక్రటరీ గారు చెప్పులు వెతుక్కునేలోపు దొంగ ఊరు దాటతాడు" అంది. ఆమె ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. మాట్లాడుతూనే కుడుతుంది కాబట్టి ఆమె మాట ఎవరికైనా వినపడుతుంది గానీ, ఎవరి మాటా ఆమెకి వినపడదు. "ఏమండీ, తలుపుకి ఇంకో గడియ వేయించండి. ఈ పాత గడియ ఊదితే ఊడొస్తుంది" అని బాబాయికి చెప్పింది. మిషన్ చప్పుడులో బాబాయి "చూస్తాలే" అన్నాడు.

ఆ ఇంట్లో చూస్తాలే అంటే ఆ పని కాదని అర్థం. కుళాయి వాషరూ, అటక మీది దీపమూ, పిన్ని పుట్టింటి ప్రయాణమూ అన్నీ చూస్తాలే కిందే ఉన్నాయి. పిన్ని నిట్టూర్చి దారం తెంపింది. బాబాయి దూరపు రూటు బస్సు డ్రైవరు. వెళ్తే మర్నాడు సాయంత్రానికి గానీ రాడు.

అలా బాబాయి బండెక్కిన ఒక పొద్దున, పిన్ని కుట్టిన బట్టలు ఇవ్వడానికి పక్క వీధికి వెళ్ళింది. గుసగుస ఒక్కతే ఉంది. గంట మోగింది. మళ్ళీ మోగింది.

ఎవరో కనుక్కోకుండా తలుపు తీయొద్దని పిన్ని లక్షసార్లు చెప్పింది. కానీ లోపల్నుంచి "ఎవరూ?" అని అరవడం కంటే తలుపు తీసెయ్యడమే ఆ పిల్లకి తేలిక. తీసింది.

ఎవరో మగమనిషి. బాబాయి వయసుంటుంది. సన్నగా ఉన్నాడు, మోచేతుల దాకా మడిచిన గళ్ళ చొక్కా. చేతులు ఖాళీ.

"సారు లేరామ్మా?"

లేరన్నట్టు తలూపింది.

"ఎప్పుడొస్తారు?"

"రేపు."

"ఆఁ?"

"రేపు" అంది మళ్ళీ, వీలైనంత గట్టిగా.

"అలాగా. మరి పగలు ఇంట్లో ఎవరుంటారు?"

"పిన్ని."

అతను తలుపుని నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఆడించాడు. వేలి కణుపుతో చెక్క మీద ఒకచోట కొట్టి విన్నాడు, ఇంకోచోట కొట్టి విన్నాడు. పాత గడియని పట్టుకుని కదిపితే అది లొడలొడలాడింది. అతను పెదవి విరిచాడు. తర్వాత అరచెయ్యి చాపి, బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా, పురుగు పాకినట్టు తలుపు అంచు వెంట పైకి పాకించాడు. జేబులోంచి పొట్టి పెన్సిల్ ముక్క తీసి దర్వాజా చెక్క మీద ఏదో గీశాడు. మీరెవరు అన్న మాట ఆ పిల్ల గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుండిపోయింది.

"సరేనమ్మా, వస్తాను" అని అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

తలుపు వేసి, మళ్ళీ తీసి చూసింది. దర్వాజా మీద రెండు కూడిక గుర్తులు. ఒకటి పైన, ఒకటి దానికి జానెడు కింద.

పిన్ని రాగానే చెప్పింది. పిన్నికి మిషన్ ముందు కూర్చుంటే తప్ప కుదురుండదు. కుడుతూనే విన్నది, అంటే సగం విన్నది. గుర్తుల మాట రాగానే పాదం ఆగింది.

"గుర్తులా? ఏ గుర్తులు?"

చూపించింది. పిన్ని మొహంలో రంగు మారింది. దొంగలు ముందుగా వచ్చి ఇళ్ళకి గుర్తులు పెట్టిపోతారని మొన్ననే గ్రూపులో ఎవరో పంపారు.

"ఏమన్నాడే వాడు? ఉన్నదున్నట్టు చెప్పు."

"సారు లేరా అన్నాడు. ఎప్పుడొస్తారన్నాడు. పగలు ఎవరుంటారన్నాడు."

"అమ్మో! ఇంకా?"

"సరేనమ్మా వస్తానని వెళ్ళాడు."

పిన్ని ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "అందరూ వినండి. మా ఇంటికి ఒకడొచ్చాడు. పిల్ల ఒక్కతే ఉంది. మొగాడు లేడని తెలుసుకున్నాడు. గడియ లాగి చూశాడు. గుమ్మం మీద గుర్తు పెట్టాడు. పైగా మళ్ళీ వస్తానని చెప్పి మరీ వెళ్ళాడు!"

ఆ తర్వాత ఆ మాట పిన్ని చేతిలో లేదు. ఎప్పుడొస్తాడట అని ఎవరో అడిగారు. సారు రేపొస్తారని పిల్ల చెప్పిందట అని పిన్ని జవాబిచ్చింది. అయితే రేపు సారు వచ్చేలోపే వస్తాడన్నమాట అని ఇంకెవరో లెక్క తేల్చారు. రానీ, నేనున్నా అని కండలరాయుడు పెట్టాడు, పిడికిలి బొమ్మతో సహా. సాయంత్రం పిన్ని కూరగాయలకి వెళ్తే ఎప్పుడూ పలకరించని ఒకావిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీ మేడలో ఎవరింటికో ఒకడొచ్చి, రేపొస్తా, దమ్ముంటే ఆపండి అని సవాలు చేసి పోయాడట కదా! మీకు తెలుసా?"

పిన్ని గుండె మీద చెయ్యి వేసుకుని పరుగున ఇంటికొచ్చింది. వచ్చి ఆ కబురు కూడా గ్రూపులో పెట్టింది.

"బాబాయికి చెప్దాం పిన్నీ" అంది గుసగుస.

"బండి నడిపే మనిషికి ఇలాంటివి చెప్తారా ఎవరైనా? చేతిలో అంతమంది ప్రాణాలుంటాయి. రానీ, వచ్చాక చెప్దాం."

మర్నాడు పొద్దున సెక్రటరీ గారు స్వయంగా వచ్చారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి గుర్తుల్ని చూశారు. కళ్ళజోడు దించి మళ్ళీ చూశారు. ఫోటో తీశారు.

"రెండు గుర్తులు. అంటే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు" అన్నారు, పరీక్ష పేపరు దిద్దినట్టు.

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"భయపడకమ్మా. పోలీసులకి చెప్పాను. వస్తామన్నారు. వాళ్ళు వచ్చేదాకా మనం ఊరుకుంటామా? గేటు దగ్గర ఒకరు, మెట్ల కింద ఇద్దరు. వాణ్ణి లోపలికి రానిస్తాం, బయటికి పోనివ్వం." గుసగుస వైపు తిరిగారు. "నువ్వు చూశావుగా, వాడు రాగానే పైనుంచి చూసి వాడేనని తలూపు చాలు. మాట్లాడక్కర్లేదు."

ఆమె తల వెంటనే ఊగింది. అడిగినదానికల్లా ఊగడం దానికి అలవాటు.

"సరేనమ్మా, వస్తాను" అని సెక్రటరీ గారు మెట్లు దిగారు.

తలుపు మూస్తున్న చెయ్యి సగంలో ఆగిపోయింది. సరేనమ్మా, వస్తాను. అవే మాటలు. ఇదే గుమ్మంలో, అదే చోట నిలబడి. ఆయన రారు. వస్తారని ఎవరూ అనుకోరు కూడా. మరి నిన్న ఆ మనిషి అన్నప్పుడు?

కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది. అతను అప్పటికే పక్కకి తిరిగాడు. ఒక కాలు కింది మెట్టు మీద ఉంది. బెదిరించేవాడు వెళ్ళిపోతూ అంటాడా? 'అమ్మా' అంటాడా? అతను సెలవు తీసుకున్నాడంతే. ఆ మాటని తను పిన్నికి అప్పజెప్పింది, కానీ అతను ఎలా అన్నాడో అది అప్పజెప్పలేదు.

అలాగని అతను దొంగ కాదని చెప్పగలదా? మగమనిషి ఎప్పుడొస్తాడని అడిగాడు. గడియ లాగి చూశాడు. గుర్తు పెట్టాడు. ఇవీ తన కళ్ళతో చూసినవే.

"పిన్నీ."

మిషన్ గరగరలాడుతోంది.

"పిన్నీ! నిన్న వచ్చినతను... వస్తానన్నది... మామూలుగా అన్నాడేమో. వెళ్ళేటప్పుడు అందరం అంటాం కదా, అలా."

"అంటే? దొంగ మర్యాదగా సెలవు తీసుకుని వెళ్ళాడంటావా?" పిన్ని తల ఎత్తలేదు. "మంచివాడైతే రాడు. వస్తే వాడి సంగతి వాళ్ళు చూసుకుంటారు. నువ్వు చదువుకో."

వస్తే. ఆ పిల్ల పుస్తకం తెరిచి కూర్చుంది గానీ అక్షరం లోపలికి పోలేదు. బాల్కనీలోంచి చూస్తే గేటు పక్కన గోడకి చేరేసిన కర్రలు కనిపించాయి. మధ్యాహ్నానికి ఇంకొన్ని చేరాయి. అవన్నీ తను చెప్పిన ఒక్క ముక్క మీద వచ్చి చేరినవి. అతను రాకపోతే బాగుండు అనుకుంది. దొంగైనా సరే, కాకపోయినా సరే, ఇవాళ రాకపోతే బాగుండు.

సాయంత్రం వీధి దీపాలు వెలుగుతున్న వేళకి అతను వచ్చాడు.

అదే గళ్ళ చొక్కా. ఈసారి భుజాన బరువైన గుడ్డ సంచి, చెవి మీద పెన్సిల్ ముక్క ఉన్నాయి. గేటు తోసుకుని, చెప్పులు విడవాలా వద్దా అన్నట్టు మెట్ల వైపు చూస్తుండగా కండలరాయుడు వెనకనుంచి వచ్చి రెండు చేతులూ విరిచి పట్టుకున్నాడు. "దొరికాడు!" అన్న కేకకి వీధంతా గేటు దగ్గరికి వచ్చి పడింది. సెక్రటరీ గారు తల పైకెత్తి మూడో అంతస్తు బాల్కనీ వైపు చూశారు.

"వీడేనా?"

అందరి మొహాలూ ఒక్కసారి పైకి తిరిగాయి. గుసగుస తల ఊగలేదు. కానీ పక్కనే ఉన్న పిన్ని ఆ పిల్ల మొహం చూసి, "వీడేనండీ, వీడే!" అని అరిచింది.

ఇంక చూడు. ఎవరో చెంప మీద కొట్టారు. ఎవరు కొట్టారో తెలిసేలోపు ఇంకెవరో వీపు మీద గుద్దారు.

"ఏంటండీ ఇది? ఏంటి... నేను పనికొచ్చానండీ" అంటున్నాడతను.

"మా పని పట్టడానికేగా వచ్చావు!"

"దొంగ వెధవ, మొహం చూస్తేనే తెలుస్తోంది."

దొంగ అన్న మాట వినగానే అతను భుజం మీంచి జారిపోతున్న సంచిని పట్టుకోబోయాడు.

"చూశారా, చూశారా! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నాడు!" అన్నాడొకడు. గుంపులో నవ్వు లేచింది. ఆ నవ్వు విని గుసగుస ఒక అడుగు వెనక్కి వేసింది.

సంచి లాక్కుని నేల మీద బోర్లించారు. ఉలి, సుత్తి, చిన్న రంపం, బర్మా, గుడ్డలో చుట్టిన మేకులు. కొత్తగా మెరుస్తున్న ఇనప గడియ ఒకటి దొర్లుకుంటూ వచ్చి సెక్రటరీ గారి కాలి దగ్గర ఆగింది.

"ఇదెవరింటిది ఊడబీకావు?"

"ఊడబీకడమేంటండీ, బిగించడానికి తెచ్చాను. వడ్రంగినండీ నేను. డ్రైవర్ సారు చెప్పారు. డిపోలో సీట్లు బాగుచేస్తానండీ, అక్కడ చెప్పారు. మూడో అంతస్తు, తలుపు చూసిరమ్మని."

"ఏ అంతస్తో కూడా కనుక్కున్నాడు!" అన్నాడు కండలరాయుడు, చెయ్యి ఇంకాస్త మెలిపెడుతూ.

సెక్రటరీ గారు పైకి చూశారు. "ఏమ్మా, మీ ఆయన ఎవరినైనా పంపుతానన్నాడా?"

పిన్ని బాల్కనీ కమ్మీ పట్టుకుంది. ఆమె అబద్ధమాడలేదు. "మా ఆయన నాకేం చెప్పలేదండీ!" అంది. ఫోను చేసింది. స్విచాఫ్. బండి నడిపేటప్పుడు ఎప్పుడూ అంతే.

"చెప్పారండీ, ఒట్టు..." అంటున్న మనిషి నోటి మీద దెబ్బ పడింది. పెదవి చిట్లింది. చెవి మీదున్న పెన్సిల్ ముక్క ఎగిరి కింద పడితే ఎవరి చెప్పు కిందో పటుక్కున విరిగింది.

పెన్సిల్. పైనుంచి అది ఎంత కనిపిస్తుంది? అయినా ఆ పిల్లకి ఆ చప్పుడు వినిపించినట్టే అనిపించింది. రెండు కూడిక గుర్తులు. మధ్యలో జానెడు. గడియ పొడవు జానెడే. పైన ఒక మేకు, కింద ఒక మేకు. పురుగు పాకినట్టు పాకిన ఆ చెయ్యి కొలత తీసుకుంటోంది.

"పిన్నీ, అతను వడ్రంగే. అది కొలత."

"ఏంటే?" అంది పిన్ని కిందికే చూస్తూ. కింద గోలలో ఆమెకి వినపడలేదు.

గుసగుస బాల్కనీ మీంచి వంగింది. "ఆగండి" అంది. ఆ మాట తన పెదవులు దాటి అడుగు దూరం కూడా పోలేదని తనకే తెలిసింది. కింద ఒకడు గోడకి చేరేసిన కర్ర అందుకున్నాడు.

పరుగెత్తింది. తలుపు తీస్తుంటే మోచెయ్యి తగిలి మేకున ఉన్న ఈల ఊగింది. దాన్ని లాక్కుని మెట్లన్నీ దూకినట్టు దిగింది. గుంపు వెనక నిలబడి "అండీ, అండీ" అంటోంది. ఎదురుగా అన్నీ వీపులే. ఒక పెద్దాయన వెనక్కి చూసి, "లోపలికెళ్ళు తల్లీ, ఆడపిల్లలకిక్కడేం పని" అన్నాడు. కర్ర పైకి లేచింది.

ఈల నోట్లో పెట్టుకుని ఊపిరంతా పెట్టి ఊదింది.

అంత చిన్న వస్తువులో అంత చప్పుడు ఉంటుందని ఆమె అనుకోలేదు. కర్ర లేచింది లేచినట్టే ఆగింది. వీపులన్నీ మొహాలయ్యాయి. ఇంకో దొంగ దొరికాడేమోనని అందరూ చూస్తే, సన్నటి ఆడపిల్ల, ఈల పట్టుకుని, చెప్పుల్లేకుండా.

"ఏమ్మా? ఏమైంది?" అన్నారు సెక్రటరీ గారు.

అంతమంది చూస్తున్నారు. ఇప్పుడు మాట్లాడకపోతే ఇంకో ఈల ఊదినా ఆగరు.

"ఇతను వస్తానని అన్నది..."

"అదే కదా మేమూ అంటున్నది! వస్తానన్నాడు, వచ్చాడు, దొరికాడు."

"కాదండీ. వెళ్తూ అన్నాడు."

"ఎప్పుడంటే ఏం?"

ఆమెకి ఏడుపొచ్చింది. ఒకే మాటని అటునుంచి వాళ్ళూ ఇటునుంచి తనూ లాగుతున్నట్టుంది. చెయ్యెత్తి సెక్రటరీ గారి వైపు చూపించింది. జీవితంలో పెద్దవాళ్ళకి అలా చెయ్యి చూపించడం అదే మొదలు.

"పొద్దున మా ఇంటికొచ్చారు కదండీ మీరు. వెళ్తూ ఏమన్నారు?"

"నేనా? ఏమన్నాను... సరేనమ్మా వస్తానన్నాను."

"మరి వచ్చారా?"

సెక్రటరీ గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు.

"మళ్ళీ వచ్చారా అండీ?" ఈసారి ఆమె గొంతు అందరికీ వినపడుతోంది. "ఇతనూ అలాగే అన్నాడు. సరేనమ్మా, వస్తాను. అంతే. రేపు అనలేదు, సవాలు చేయలేదు. నేను ఆ మాట చెప్పాను గానీ ఎలా అన్నాడో చెప్పలేదు. గుర్తులు గడియ కోసం పెట్టుకున్న కొలత. కావాలంటే ఆ గడియ తెచ్చి పెట్టి చూడండి."

వెనకనుంచి ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. "అవునండోయ్, సెక్రటరీ గారు మా ఇంట్లో కూడా రోజూ వస్తానంటారు. ఈ లెక్కన ఆయన్నీ పట్టుకోవాలి." ఇంకెవరో నవ్వారు. ఈ నవ్వు ఇందాకటిది కాదు. కర్ర మెల్లగా కిందికి దిగింది.

"నవ్వడం సరే, ముందు ఆ చేతులు వదులు" అంటూ నర్సమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చేతిసంచి భుజానే ఉంది. ఇల్లంతా దొంగలపాలైన మనిషి ఆమె. వదలమని ఆమే అన్నాక పట్టుకుని ఉండటానికి కండలరాయుడికి కారణం దొరకలేదు. వదిలాడు. అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నర్సమ్మ దూది తీసి పెదవికి అద్దింది.

"అయినా సరే, డ్రైవర్ వచ్చి చెప్పేదాకా కదలనివ్వం" అన్నారు సెక్రటరీ గారు. ఈసారి మాటలో పట్టు లేదు. కర్రలు పట్టుకున్నవాళ్ళు వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ మార్చుకుంటున్నారు. ఆ మనిషి మెట్టు మీద కూర్చుని, నోట్లోని రక్తం ఉమ్మేసి, ఎవరి వంకా చూడకుండా కూర్చున్నాడు. గుసగుస అతనికి కొంచెం దూరంలో గోడకి ఆనుకుని నిలబడింది. తను చెప్పింది నిజమైతే ఇది చాలా ఘోరం. నిజం కాకపోతే ఇంకా ఘోరం. బాబాయి తొందరగా రావాలి.

బాబాయి మలుపు తిరిగి, సంచి ఊపుకుంటూ, పాట కూనిరాగం తీస్తూ వచ్చాడు. గేటు దగ్గర జనాన్ని చూసి నడక ఆపేశాడు. మెట్టు మీది మనిషిని చూడగానే సంచి వదిలేసి పరుగెత్తాడు.

"మేస్త్రీ! ఏమైంది మేస్త్రీ? ఎవరు కొట్టారు?"

ఉన్నవాళ్ళలో సగంమందికి హఠాత్తుగా ఇంట్లో పని గుర్తొచ్చింది.

"మీరు చెప్పొద్దా!" పిన్ని ఏడుస్తూ దిగింది. "మనిషిని పంపుతున్నానని ఒక్క ముక్క చెప్పొద్దా నాకు!"

"గడియ సంగతి చూస్తాలే అన్నాను కదే!"

"మీరు చూస్తాలే అంటే చూస్తారని నాకేం తెలుసు!"

బాబాయి వెనక్కెళ్ళి, ఇందాక వదిలేసిన సంచి తీసుకున్నాడు.

సెక్రటరీ గారు గొంతు సవరించుకున్నారు. "ఏదో రోజులు బాలేవు బాబూ. మా భయం మాది. మీరు కూడా ముందే కాస్త వివరంగా చెప్పి ఉంటే..."

"చెప్పానండీ" అన్నాడు వడ్రంగి. అంతే అన్నాడు.

కింద కూర్చుని ఒక్కొక్కటే ఏరుకోసాగాడు. ఉలి అంచుని బొటనవేలితో తడిమి, చొక్కాకి తుడిచి, సంచిలో పెట్టాడు. గుసగుస మేకులు ఏరి దోసిట్లో పెట్టుకుని ఇచ్చింది. విరిగిన పెన్సిల్ ముక్కలు కూడా ఇచ్చింది. అతను మేకులు తీసుకున్నాడు. పెన్సిల్ ముక్కలు తీసుకోలేదు.

"పైకి రా మేస్త్రీ, కాస్త మంచినీళ్ళు తాగి..." అన్నాడు బాబాయి.

"వద్దు సార్. ఇవాళ ఉలి పట్టలేను." గడియ తీసి బాబాయి చేతిలో పెట్టాడు. "ఇది మీదే."

సంచి భుజానికెత్తుకుని గేటు దాకా వెళ్ళి అక్కడ ఆగాడు. ఏళ్ళ తరబడి అలవాటైన మాట నోట్లోకి వచ్చినట్టుంది. దాన్ని మింగాడు.

"వెళ్తాను" అన్నాడు.

ఆ మాట విని పిన్ని చప్పున నోటి మీద చెయ్యి వేసుకుంది. అక్కడ మిగిలినవాళ్ళందరికీ ఆ మాట తెలుసు. ఎవరి గుమ్మంలోనూ ఎవరూ అనని మాట అది. సెక్రటరీ గారు తల వంచుకుని కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

అతను వీధిలో నడిచి వెళ్తున్నాడు. మందుల షాపు మలుపు దగ్గర పడింది. అది దాటితే ఇంక కనిపించడు.

"వెళ్ళి రండి!"

వీధి ఆ చివరి దాకా వినిపించిన ఆ కేక ఎవరిదా అని బాబాయి చుట్టూ చూశాడు. తన పక్కనున్న పిల్లదేనని నమ్మడానికి అతనికి కొంచెం సేపు పట్టింది. అంత దూరాన వడ్రంగి ఒక్క క్షణం ఆగాడు. వెనక్కి తిరగలేదు. జారుతున్న సంచిని సరిచేసుకుని మలుపు తిరిగాడు.

పైకొచ్చాక బాబాయి గడియని బల్ల మీద పెట్టి దాని వైపే చూస్తూ కూర్చున్నాడు. ఈలలు పంచుకున్న వీధి ఇప్పుడు గప్‌చిప్‌గా ఉంది. నర్సమ్మ బీరువా దోచినవాళ్ళు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. తలుపుకి ఉన్నది ఆ లొడలొడలాడే పాత గడియే. పిన్ని మిషన్‌ని గరగరా ఈడ్చుకొచ్చి తలుపుకి అడ్డం పెట్టబోయింది. అంతలో దర్వాజా మీది గుర్తులు కంటపడ్డాయి. వాటిని చూడలేకపోయింది. తడిగుడ్డ తెచ్చింది.

"తుడవొద్దు పిన్నీ."

మిషన్ ఆగి ఉంది కాబట్టో, మరెందుకో, ఈసారి మొదటి మాటకే వినపడింది.

"ఎందుకే? అవి కళ్ళ ముందుంటే ఆ మనిషి మొహమే కనిపిస్తోంది నాకు."

"ఉండనీ" అంది ఆ పిల్ల, గుడ్డ పట్టుకున్న పిన్ని చేతిని మెల్లగా పక్కకి జరుపుతూ. "వచ్చినప్పుడు మళ్ళీ కొలవక్కర్లేకుండా ఉంటుంది."